టైటిల్ మ్యూజిక్ వస్తుంది, పాఠం వినపడదు: తిరుపతిలో ఒక ఇంటి కంప్యూటర్ కేసు

లీలామహల్ సర్కిల్ దగ్గర కంప్యూటర్ సర్వీస్ చేస్తున్నాను. సౌండ్ రావడం లేదని వచ్చే కేసులు చాలావరకు పది నిమిషాల్లో తేలిపోతాయి. ఈ కేసుకు మాత్రం ఆ ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. రెండోసారి వెళ్ళినప్పుడు కస్టమర్ చెప్పిన మాటను చెప్పినట్టుగా రాసుకుని ఉంటే మూడోసారి వెళ్ళే పని ఉండేది కాదు. తోటి సర్వీస్ వాళ్ళూ, ఇంట్లో తామే చూసుకునేవాళ్ళూ నేను తిరిగిన చుట్టుదారి తిరగకూడదని జరిగిందంతా రాస్తున్నాను. రాయడానికి ఆయన ఒప్పుకున్నారు, పేరు మాత్రం వద్దన్నారు.

ఆయన కొర్లగుంటలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఇంట్లో భార్యాభర్తలిద్దరే. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. రిటైరయ్యాక మాస్టారు అన్నమయ్య కీర్తనలు నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఊళ్ళోనే ఉన్న ఒక సంగీతం టీచరమ్మ తన క్లాసులు రికార్డు చేయించి యూట్యూబ్‌లో పెడతారు. మాస్టారు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, భార్య నిద్ర చెడకుండా హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ పాఠాలు వింటారు. కంప్యూటర్ అసెంబుల్డ్ డెస్క్‌టాప్, విండోస్ 10, బ్రౌజర్ క్రోమ్. పాతదే, కానీ వీడియోలు చూడటానికి ఏ లోటూ లేదు.

మొదటిసారి

సంక్రాంతి అయిన వారానికి ఫోన్ వచ్చింది. "పండక్కి పిల్లోడు వచ్చి కొత్త మానిటర్ బిగించి, అదే రాత్రి బస్సెక్కినాడు నాయనా. ఆ పొద్దు నుంచి మూగబోయింది" అన్నారు మాస్టారు.

ఇది విన్నప్పుడే సగం పని అయిపోయింది. పాత మానిటర్‌కు వీజీఏ కేబుల్ ఉండేది, అందులో బొమ్మ తప్ప శబ్దం పోదు. కొత్తదానికి హెచ్‌డీఎంఐ. ఈ కేబుల్ బొమ్మతో పాటు శబ్దాన్నీ మోస్తుంది. అది తగిలించగానే విండోస్ మానిటర్‌ను కూడా ఒక స్పీకర్‌గా లెక్కేసుకుని, చాలాసార్లు శబ్దాన్నంతా అటే పంపేస్తుంది. ఆ మానిటర్‌లో స్పీకర్లు లేవు. గడియారం పక్కన ఉండే స్పీకర్ బొమ్మ నొక్కి, పైన కనిపించే పరికరం పేరు మీద క్లిక్ చేసి, మానిటర్ బదులు మామూలు స్పీకర్లను ఎంచుకుంటే సరిపోయింది.

అలవాటుగా మరో రెండు కూడా చూశాను. క్రోమ్‌లో ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే సైట్‌ను మ్యూట్ చేసే ఆప్షన్ వస్తుంది. 2018 నుంచి అది ఆ ఒక్క ట్యాబ్‌ది కాక ఆ సైట్ మొత్తం శబ్దాన్ని ఆపేస్తోంది, సైట్ మళ్ళీ తెరిచినా శబ్దం ఆగే ఉంటుంది. ఎప్పుడో పొరపాటున నొక్కి మర్చిపోయినవాళ్ళు నా దగ్గరికి నెలకొకరైనా వస్తారు. రెండోది వాల్యూమ్ మిక్సర్. అందులో క్రోమ్‌ది ఒక్కటే కిందికి దించి ఉందేమో చూడాలి. రెండూ బాగానే ఉన్నాయి. శ్రీ వేంకటేశ్వర భక్తి చానల్ ప్రత్యక్ష ప్రసారం పెట్టి చూపించాను, చక్కగా వినపడింది. వచ్చేశాను.

రెండోసారి

రెండు రోజులకు మళ్ళీ ఫోన్. వెళ్ళి కూర్చోగానే మాస్టారు చెప్పిన మాట ఇది: "అన్నీ వస్తా ఉండాయి నాయనా, పాఠం ఒకటే రాలేదు. మొదట్లో మ్యూజిక్ బాగా వస్తుంది. టీచరమ్మ నోరు తెరిచేసరికి ఆగిపోతా ఉంది."

నేను నోట్‌బుక్‌లో రాసుకున్నది: "వీడియో మొదలైన కొన్ని సెకన్లకు సౌండ్ కట్ అవుతోంది."

ఈ రెండూ ఒకటి కావు. తేడా ఆ రోజు నాకు తట్టలేదు. మాస్టారు ఏ శబ్దం పోతోందో చెప్పారు. నేను ఎప్పుడు పోతోందో రాసుకున్నాను. "కొన్ని సెకన్లకు కట్" అని రాసుకున్న మనిషికి తర్వాత తోచేవన్నీ ఆ వైపే ఉంటాయి. సౌండ్ కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ తడబడుతోందా? శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలవాలో చెప్పే శాంపిల్ రేట్ కుదరడం లేదా? వేరే ప్రోగ్రామ్ ఏదైనా సౌండ్ కార్డును తన ఒక్కదానికే పట్టేసుకుంటోందా?

వరసగా అన్నీ చేశాను. రియల్‌టెక్ డ్రైవర్ తీసేసి కొత్తది ఎక్కించాను. శాంపిల్ రేట్ 1,92,000 దగ్గర ఉంటే 48,000కు దించాను. పరికరాన్ని ఒకే ప్రోగ్రామ్ పట్టుకునే ఎక్స్‌క్లూజివ్ మోడ్ ఆపాను. ఎన్‌హాన్స్‌మెంట్లు ఆపాను. క్రోమ్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపాను, అది దాచుకున్న తాత్కాలిక ఫైళ్ళు (క్యాష్) తుడిచాను. ఫైర్‌ఫాక్స్ వేసి అందులో పెట్టి చూశాను. టైటిల్ మ్యూజిక్ వస్తుంది, ఆ తర్వాత నిశ్శబ్దం. రెండున్నర గంటలు పోయాయి. అప్పుడు నేను చెప్పిన మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది: "వీడియోలోనే సౌండ్ లేదేమో సార్, టీచరమ్మను అడగండి."

మాస్టారు ఆమెకు ఫోన్ చేశారు. తన లాప్‌టాప్‌లో బాగా వినపడుతోందని ఆమె చెప్పారు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ రోజు నేను ఫార్మాట్ కొడదామని కూడా అన్నాను. మాస్టారు ఒప్పుకోకపోవడం మంచిదైంది. ఒప్పుకుని ఉంటే విండోస్ సెట్టింగులన్నీ మొదటికి వచ్చి పాఠం వినపడేది, కారణం ఎవరికీ తెలిసేది కాదు, ఆయనకు అంతకంటే పెద్ద నష్టం జరిగేది. ఆ నష్టం ఏమిటో కింద చెబుతాను.

ఒక మంచి పని మాత్రం బయల్దేరే ముందు చేశాను. యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" తెరిచాను. అందులో ధ్వని ఏ కోడెక్‌లో, అంటే ఏ కుదింపు పద్ధతిలో వస్తోందో, అది సగటున ఎంత గట్టిగా ఉందో కనిపిస్తుంది. కోడెక్ దగ్గర ఓపస్ అని ఉంది, శబ్దం గట్టితనం అంకె కూడా మామూలు వీడియోలకు ఉన్నట్టే ఉంది. శబ్దం లేని వీడియోకు అలా ఉండదు. వాల్యూమ్ మిక్సర్‌లో క్రోమ్ పక్కన ఆకుపచ్చ గీత కూడా టీచరమ్మ గొంతుతో పాటు లేచి పడుతూనే ఉంది. అంటే బ్రౌజర్ శబ్దాన్ని పంపుతోంది. చెవికి చేరేలోపల ఎక్కడో మాయమవుతోంది. ఆ తెరను ఫోటో తీసుకుని ఇంటికి వెళ్ళాను, ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

మూడోసారి

మర్నాడు నా లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. అదే వైఫై, అదే క్రోమ్, అదే వీడియో. నా దాంట్లో పాఠం వినపడింది! పక్కనే మాస్టారి కంప్యూటర్‌లో మౌనం. అయితే తప్పు ఈ కంప్యూటర్‌దేనని తేల్చేసుకునేవాణ్ణి. ఇంతలో మాస్టారు తన ఫోన్ తెచ్చారు. "దీంట్లో గూడా రాదు. పాత ఫోన్ గదా అని ఊరుకున్నా" అన్నారు. నిజంగానే రాలేదు. ఫోన్ వాల్యూమ్ పూర్తిగా పెంచి చెవి దగ్గర పెట్టుకుంటే, నీళ్ళ లోపలి నుంచి ఎవరో మాట్లాడుతున్నట్టు ఒక సన్నటి గుసగుస.

విండోస్ కంప్యూటర్, ఆండ్రాయిడ్ ఫోన్. రెండింటికీ ఒకే డ్రైవర్ జబ్బు ఉండదు. మరి రెండింటికీ ఉమ్మడిగా ఏముంది?

హెడ్‌ఫోన్‌ను నా లాప్‌టాప్‌కు గుచ్చి నేనే పెట్టుకున్నాను. గొంతు వస్తోంది. కానీ అది తల మధ్యలో నిలబడటం లేదు. రెండు చెవులకూ అవతల, వెనక నుంచి వస్తున్నట్టు, పట్టుకోబోతే జారిపోతున్నట్టు ఉంది. ఒక చెవి కప్పు తీసేస్తే మామూలు గొంతు. అది విన్న క్షణమే నాకు గంగమ్మ జాతర గుర్తొచ్చింది.

కంప్యూటర్ల లోకి రాకముందు మూడేళ్ళు ఒక మైక్ సెట్ అన్న దగ్గర పనిచేశాను. జాతరలో ఒకసారి రెండు పెద్ద బాక్సుల్లో ఒకదానికి వైర్లు తిరగేసి కలిపాను. ఏ బాక్సు దగ్గర నిలబడితే ఆ బాక్సు బాగానే మోగుతోంది. రెండింటి నడుమకు వస్తే డప్పులో దమ్ము లేదు. ఒక బాక్సులో గాలిని తోసే కోన్ ముందుకు తోసేటప్పుడు రెండోది వెనక్కి లాగుతోంది, గాలి కదలడం లేదు. అన్న ఒక టార్చి సెల్లు తీసి బాక్సు వైర్లకు ఆనించి చూపించాడు: ప్లస్‌కు ప్లస్ ఆనితే కోన్ ముందుకు రావాలి, లోపలికి పోయిందంటే తిరగబడినట్టే. హెడ్‌ఫోన్‌లో నేను విన్నది అచ్చం అదే. టీచరమ్మ పాఠంలో ఎడమ వైపు శబ్దానికి కుడి వైపు శబ్దం తిరగబడి ఉంది.

రెండు స్పీకర్లున్న చోట అది కాస్త వింతగా వినిపిస్తుంది, అంతే. రెండు వైపులనూ కలిపి ఒకటిగా చేసేచోట మాత్రం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మాస్టారి పాత ఫోన్‌కు స్పీకర్ ఒకటే, అది రెండు వైపులనూ కలిపేస్తుంది. మరి కంప్యూటర్‌లో ఎవరు కలుపుతున్నారు?

సెట్టింగ్స్‌లో ఈజ్ ఆఫ్ యాక్సెస్, అందులో ఆడియో. "మోనో ఆడియో" అన్న మీట ఆన్‌లో ఉంది. ఆఫ్ చేశాను. గదిలో టీచరమ్మ గొంతు ఖంగుమంది.

మాస్టారికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ, "ఎడమ వైపు ఐదు ఉంటే కుడి వైపు మైనస్ ఐదు ఉంది సార్, ఈ మీట రెండింటినీ..." అంటుండగానే "కూడినావు, సున్నా వచ్చింది" అని ఆయనే పూర్తి చేశారు. "మరి మొదట్లో మ్యూజిక్ ఎందుకొచ్చింది?" అని తనే అడిగి, తనే జవాబు చెప్పారు: "అది వేరే చోట చేసి అతికించింది. దానికి మైనస్ లేదు." లెక్క సరిగ్గా అదే. ఫోన్‌లో వినిపించిన గుసగుస సంగతి ఒక్కటి నేను చెప్పాను. ఇంటర్నెట్‌లో పంపడానికి శబ్దాన్ని కుదించేటప్పుడు రెండు వైపులూ అణువణువూ సమానంగా మిగలవు. సున్నా కాకుండా మిగిలిన ఆ కాస్త శేషమే గుసగుస.

ఆ మీట అక్కడ ఎందుకుంది

పని అయిపోయిందనుకుని లేవబోతుంటే లోపల్నుంచి మాస్టారి భార్య వచ్చారు. "అది పిల్లోడు పెట్టిపోయినాడు. ఆయనకు కుడి చెవి వినపడదు గదా" అన్నారు.

మాస్టారు ఆ సంగతి నాకు చెప్పలేదు. చెప్పాలని ఆయనకు అనిపించలేదు, అడగాలని నాకు తట్టలేదు. స్టీరియోలో పాట ఒక చెవికి వీణ, రెండో చెవికి మృదంగం ఎక్కువగా వచ్చేలా కలిపి ఉంటుంది. ఒక చెవే వినపడే మనిషి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే రెండో చెవి వైపుది పోయినట్టే. మోనో మీట రెండింటినీ కలిపి రెండు చెవులకూ ఒకటే ఇస్తుంది. కొడుకు పండక్కి తెచ్చిన హెడ్‌ఫోన్ పెట్టించి, తండ్రికి ఏ వాయిద్యమూ పోకూడదని ఆ మీట వేసి వెళ్ళాడు. అంతకుముందు మాస్టారు స్పీకర్లలో వినేవారు. తిరగబడిన పాఠాలు అప్పుడూ ఉన్నాయి, కూడిక లేదు కాబట్టి వినపడ్డాయి. మానిటర్, మోనో రెండూ ఒకే పండగకు వచ్చాయి. మానిటర్ తప్పు తీసేశాక రెండోది బయటపడింది.

నేను ఫార్మాట్ కొట్టి ఉంటే జరిగే నష్టం ఇదే. పాఠం వినపడేది. మిగతా పాటల్లో సగం వాయిద్యాలు పోయేవి. పోయాయని ఆయనకు తెలిసేది కూడా కాదు, తన చెవి ఇంకా పాడైందనుకునేవారు.

అందుకని మోనోను మళ్ళీ ఆన్‌లోనే ఉంచాను. ఆ సెట్టింగ్ పేజీ నేరుగా తెరుచుకునేలా డెస్క్‌టాప్ మీద ఒక షార్ట్‌కట్ పెట్టి "పాఠం మీట" అని పేరు పెట్టాను. పాఠం వినేటప్పుడు ఆఫ్, అయ్యాక ఆన్. పాఠంలో ఎడమ వైపు గొంతు పూర్తిగానే ఉంది, ఆయనకు వినపడేది ఎడమ చెవే. కాబట్టి ఆఫ్ చేసి వింటే ఒక్క స్వరం కూడా పోదు. రెండోసారి తీసుకున్న 400 రూపాయలు వెనక్కి ఇచ్చాను. వద్దన్నారు, టేబుల్ మీద పెట్టి వచ్చాను.

విండోస్ 11 ఉన్నవాళ్ళకు ఈ మీట సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్ కింద ఉంటుంది. యాక్సెసిబిలిటీలో ఆడియో కింద కూడా ఉంటుంది. ఆండ్రాయిడ్, ఐఫోన్‌లలోనూ యాక్సెసిబిలిటీలోనే వెతకాలి. అది ఆన్‌లో కనిపిస్తే ఆఫ్ చేసే ముందు ఇంట్లో ఎవరి చెవి కోసం పెట్టారో అడగండి.

తిరగబడింది ఎక్కడ

ఇంతటితో కస్టమర్ పని అయిపోయింది. కానీ ఆ పాఠాలు వినేది మాస్టారు ఒక్కరే కాదు. ఆయన్నే వెంటబెట్టుకుని టీచరమ్మ క్లాసు జరిగే హాలుకు వెళ్ళాను. ఫోన్‌లో వినే పిల్లలు సౌండ్ రావడం లేదంటే, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినమని ఆమె చాలా రోజులుగా చెబుతున్నారట. హెడ్‌ఫోన్ పెడితే వచ్చేది కాబట్టి ఆమె తప్పు ఫోన్లదే అనుకున్నారు.

హాల్లో మైకుల శబ్దాన్ని కలిపే మిక్సర్ నుంచి కెమెరాకు ఒక వైరు ఉంది. మిక్సర్ వైపు ఎక్స్ఎల్ఆర్ అనే మూడు పిన్నుల ప్లగ్గు, కెమెరా వైపు సన్నటి స్టీరియో పిన్ను. చూడగానే అర్థమైంది. మిక్సర్ ఒకే శబ్దాన్ని రెండు వైర్లలో పంపుతుంది: రెండో పిన్నులో ఉన్నదున్నట్టు, మూడో పిన్నులో తిరగేసి. ఒకటో పిన్ను ఎర్త్. దారిలో వైరు పట్టుకునే గీగీమనే రొద రెండింటిలోనూ ఒకేలా చేరుతుంది. అవతల మంచి మిషన్ ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తుంది. తీసివేతలో రొద పోతుంది, గొంతు రెట్టింపవుతుంది. ఎంతో తెలివైన ఏర్పాటు అది. కానీ ఆ చివర స్టీరియో కెమెరా ఉంటే దానికి ఈ సంగతి తెలియదు. రెండో పిన్నుది ఎడమ చెవికి, మూడో పిన్నుది కుడి చెవికి అనుకుని రికార్డు చేస్తుంది.

కొత్త వైరు నేనే సోల్డర్ చేశాను. రెండో పిన్ను నుంచి స్టీరియో పిన్ను కొసకూ, నడిమి రింగుకూ రెండింటికీ. ఒకటో పిన్ను నుంచి అడుగు భాగానికి. ఈ మిక్సర్‌కు మూడో పిన్నును ఖాళీగా వదిలేశాను. ఒక నిమిషం రికార్డు చేసి, మాస్టారి పాత ఫోన్‌లోనే పెట్టి విన్నాం. వినపడింది.

పాత రికార్డింగులు టీచరమ్మ శిష్యుడి హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. ఒకదాని ధ్వనిని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో తెరిస్తే పైన అల ఎక్కేచోట కింద అల దిగుతోంది, చెరువు గట్టూ నీళ్ళలో దాని నీడా లాగా. స్టీరియోను రెండు మోనో ట్రాకులుగా విడదీసి, కుడిది తీసేసి, ఎడమదాన్నే రెండు వైపులకూ పెట్టి సేవ్ చేయడం ఆ అబ్బాయికి నేర్పాను. ఒక్కో పాఠానికి పది నిమిషాల పని. దాన్ని మళ్ళీ వీడియోకు కలిపి కొత్తగా ఎక్కించాలి.

గొంతు ఒక్కటే పోయే మరో రెండు సందర్భాలు

దీన్ని పోలినవే కానీ వేరైనవి ఉన్నాయి, వాటితో కలిపేసుకోకూడదు. హెడ్‌ఫోన్ పిన్ను పూర్తిగా గుచ్చకపోయినా, లోపల ఎర్త్ వైరు తెగినా, మనకు వినపడేది ఎడమ కుడి వైపుల తేడా మాత్రమే. పాటల్లో గాయకుడి గొంతు రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి తీసివేతలో అది పోతుంది, వాయిద్యాలు డొల్లగా మిగులుతాయి. మాస్టారి ఇంట్లో కూడిక గొంతును చంపితే ఇక్కడ తీసివేత చంపుతుంది. గుర్తు పట్టడం తేలిక: ఏ వీడియో పెట్టినా అలాగే ఉంటుంది, పిన్ను కాస్త తిప్పితే గొంతు ఒక్కసారిగా వస్తుంది.

రెండోది సినిమాలు చూసేవాళ్ళకు వచ్చేది. ఇంట్లో ఉన్నవి రెండు స్పీకర్లే, విండోస్‌లో మాత్రం 5.1 అని, అంటే ఆరు స్పీకర్ల సరౌండ్ సౌండ్ అని పెట్టి ఉంటుంది. సరౌండ్ సౌండ్‌లో మాటలు ఎక్కువగా నడిమి స్పీకర్‌కు పోతాయి. ఆ స్పీకర్ ఇంట్లో లేదు. బాంబులు పేలతాయి, హీరో పెదవులు కదులుతాయి, డైలాగు రాదు. సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో స్పీకర్ల మీద క్లిక్ చేసి, కాన్ఫిగర్‌లోకి వెళ్ళి స్టీరియో పెడితే తీరిపోతుంది.

ఈ కేసు తర్వాత నా జాబ్ షీట్‌లో ఒక గడి మార్చాను. ఇదివరకు "సమస్య" అని ఉండేది. ఇప్పుడు "కస్టమర్ మాటల్లో" అని ఉంది. మా కుర్రాడికి కూడా చెప్పాను, వాళ్ళు ఎలా అంటే అలాగే రాయమని, మన మాటల్లోకి మార్చొద్దని. దాని కిందే రెండు ప్రశ్నలు చేర్చాను. ఇదే వీడియో ఫోన్ స్పీకర్‌లో వినపడుతోందా? ఇంట్లో ఎవరికైనా చెవి సమస్య ఉందా?

టీచరమ్మ పాఠాలు అరవైకి పైనే ఉన్నాయి. ఇప్పటికి పదకొండు మళ్ళీ ఎక్కించారు. మొదట ఏవి సరిచేయాలని ఆ అబ్బాయి అడిగితే, టీచరమ్మ మాస్టారికే వదిలేశారు. ఆయన కాగితం మీద వరస రాసిచ్చారు, వారానికి రెండు చొప్పున ఆ వరసలోనే వస్తున్నాయి. మిగతావాటికి ఇంకా డెస్క్‌టాప్ మీది మీట వాడుతున్నారు.